సీసాల గోడలో ఊపిరి

“పిచ్చుకా! వానొచ్చేలా ఉంది, లోపలికి రా!”

అన్నయ్య గుమ్మంలో నిలబడి పెరట్లోకి కేకేశాడు. పిచ్చుకంటే మా వదిన. ఆవిడ పోయి రెండు నెలలయింది.

గూడు కట్టే పిచ్చుకలా ఎక్కడ గడ్డిపరక కనబడినా ఏరుకొచ్చేదని అన్నయ్య పెట్టిన పేరది. ఆ గడ్డీ బంకమట్టీ కలిపి, కాళ్ళతో తొక్కి, ఇద్దరూ ఈ గుండ్రటి ఇల్లు కట్టుకున్నారు. సిమెంటు లేదు. ఫ్యాను అక్కర్లేదు. “చెదపురుగులకి అద్దెకిస్తావా అన్నయ్యా?” అని ఏడిపించేదాన్ని. కానీ పడమటి గోడ చూస్తే నాకూ ఇలాంటి ఇల్లూ, ఇలాంటి మొగుడూ కావాలనిపించేది. గోడ నిండా జనం పారేసిన గాజు సీసాలే. పొద్దు వాలితే నేల మీద ఆకుపచ్చా నీలమూ ఒలికినట్టుండేది.

ప్రతి సీసానీ బాగా ఎండబెట్టి, మూతికి మైనం పెట్టి, మట్టిలో పేర్చాలి. తడి మిగిలితే లోపల మసకేస్తుంది. వదిన మాత్రం మూసేముందు ఒక్కోదాంట్లో ‘హా’ అని ఊదేది. “నేను లేనప్పుడు నీకు తోడుంటుందిలే” అని నవ్వేది. అన్నయ్య తిట్టేవాడు. ఆవిడ మళ్ళీ ఊదేది.

చివరికి ఆ గోడ పై వరసలకి మట్టి తొక్కుతూనే వదిన కూలిపోయింది. నిన్ను పిలవలేదా అని అందరూ అడిగారు. “నాకేం వినపడలేదు” అన్నాడు అన్నయ్య.

ఇప్పుడు తిండి మానేశాడు. కళ్ళు లోపలికి పోయాయి. ఇలాగే వదిలేస్తే దక్కడని, మా ఇంటికి తీసుకెళ్దామని వచ్చాను. “దాన్నొక్కదాన్నీ వదిలి ఎలా రానే?” అంటాడు.

వాన మొదలైంది. తడిమట్టి వాసన. అందులో కలిసి, వదిన తలనూనె వాసన... కింది వరసల సీసాలు ఊపిరి తగిలిన అద్దంలా లోపల్నించి తెల్లబడ్డాయి. తేటపడ్డాయి. మళ్ళీ తెల్లబడ్డాయి.

“తడి పట్టిందేమో అన్నయ్యా” అన్నాను గుసగుసగా.

“కింది వాటికి సరే. పై వరస చూడు.”

ఆ వరస వదిన పోయాక అన్నయ్య ఒక్కడే పేర్చాడు. వాటిలో ఎవరూ ఊదలేదు.

ఒకటి తెల్లబడింది. పక్కది... దాని పక్కది... ఆయాసపడుతున్నట్టు, గబగబా. మా వైపుకే.

అన్నయ్య చెయ్యి పట్టుకు లాగాను. “పోదాం పద. నీకు దణ్ణం పెడతాను.”

కదల్లేదు. “రోజూ ఇంతేనే. నేను చెప్పేదాకా ఊరుకోదు.”

“ఏం చెప్పాలి?”

గోడకి అరచెయ్యి ఆనించాడు.

“పిచ్చుకా...”

సీసాలన్నీ ఒక్కసారిగా తేటపడ్డాయి. మళ్ళీ తెల్లబడలేదు. గోడ మొత్తం ఊపిరి బిగబట్టి వింటున్నట్టు.

“ఊపిరాడట్లేదు, ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నావు. వినపడిందే. కలిపిన మట్టి ఎండిపోతుందని... ఈ ఒక్క వరసా అవనీ అని... వినపడనట్టు ఊరుకున్నాను.”