నడవని గడియారమే కావాలి

ఎండ మాడ్చేస్తుండగా వాన మొదలైంది.

ఊరంతటా కాదు. జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే ఒక బంగళా ముందు, సరిగ్గా లీలాకుమారి తెచ్చిపెట్టిన సోఫా మీద మాత్రమే.

ఎర్ర మఖమల్ సోఫా. హీరోయిన్ తండ్రి కాలు మీద కాలేసుకుని కూర్చుని "ఈ పెళ్లి జరగదు" అనాల్సిన సోఫా. అది చూస్తుండగానే టీలో ముంచిన బన్నులా తయారైంది.

"ఆపండి! ఎవరయ్యా పైన? ఆపమంటుంటే!"

ఇనప పైపుల మధ్య నుంచి ఒక తల కిందికి వంగింది. వాన ఆగింది. నూనె మరకల చొక్కాతో ఒక పొడుగాటి యువకుడు నిచ్చెన దిగి వచ్చాడు.

"టెస్టింగ్ చేస్తున్న," అన్నాడు.

"టెస్టింగా? కింద సోఫా కనబడలేదా?"

"కనబడ్డది. కనబడంగనే వాల్వు తిప్పిన. గని ఉల్టా తిప్పిన."

లీల గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ప్రొడక్షన్ మేనేజర్లను నిలబెట్టి కడిగేసే పిల్ల. ఇతనెంత? కానీ తిట్టడానికి ఎదుటి మనిషి మొహం కావాలి. అతను ఆమె వైపు చూడటం లేదు. వంగి సోఫా కాలి కింద చక్రాన్ని చూస్తున్నాడు.

"ఇది కీచుమంటది గదా?"

"మీకెలా తెలుసు?"

"మీరు తోసుకుంట వస్తుంటె పైకెల్లి విన్న."

పక్కన జనరేటర్ లారీ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఆ మోతలో ఇంత చక్రం కీచుమనడం విన్నాడట! అతను జేబులోంచి స్పానర్ తీసి ఆ బురదలోనే చతికిలబడ్డాడు. లీల తిట్టాలనుకున్న మాటలు మరిచిపోయి అతని చేతుల వైపు చూస్తూ నిలబడింది.

ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల అందరూ అందరి మొహాలూ చూస్తారు. ఎవరు ఎవరికి చాన్సిస్తారోనని. ఒక ఆడపిల్ల ఎదురుగా నిలబడి అరుస్తుంటే సోఫా చక్రం చూసే మనిషిని లీల చూడటం అదే మొదలు.

ఎవరితను? అసలేం ఉంటుంది ఇతని బుర్రలో?

అతని పేరు ఓదెలు. కరీంనగర్ దగ్గర పల్లె. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. చినుకు కావాలంటే చినుకు, తుఫాను కావాలంటే తుఫాను కురిపించే పంపు సొంతంగా తయారుచేసుకుని సినిమాల్లోకి వచ్చాడు. యూనిట్‌లో అందరూ వాన ఇంజనీరు అంటారు.

లీల వాళ్లది తెనాలి. తండ్రి బసవపున్నయ్య సినిమాల వెంట మద్రాసు వెళ్లి, అవి హైదరాబాదు తరలి వస్తుంటే వాటి వెంటే వచ్చి, కృష్ణానగర్ సందులో షాపు పెట్టాడు. రాజుల కిరీటాలు, జమీందార్ల హుక్కాలు, విలన్ల టెలిఫోన్లు అద్దెకిస్తారు. వాటిలో ఏదీ పనిచెయ్యదు. విప్పితే లోపల ఏమీ ఉండదు. కెమెరాకు పైపూత చాలు.

ఆ షాపుకు ఓదెలు రావడం మొదలుపెట్టాడు. ఒకసారి గొలుసు కావాలన్నాడు. ఒకసారి బకెట్ అన్నాడు. మరోసారి ఏం కావాలో గుర్తురాక, టీ తాగి వెళ్లిపోయాడు.

"బకెట్లు బయట ఎక్కడా దొరకటం లేదా, ఇంజనీరుగారూ?" లీల నవ్వు దాచుకుంటూ అడిగింది.

"దొరుకుతయి. గని వాటికి పిడి గింత మంచిగ ఉండది."

"అది అట్టముక్కతో చేసిన బకెట్టండీ. నీళ్లు పోస్తే పిడి ఒక్కటే మిగులుద్ది."

అతను సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు లీలకు నచ్చింది.

ఒకరోజు టీ గ్లాసు కింద పెడుతూ అన్నాడు. "ఈ పిక్చర్ అయిపోతే భిలాయి పోతున్న. ఉక్కు ఫ్యాక్టరీల నౌకరి దొరికింది."

"మంచి ఉద్యోగమేనా?"

"మంచిదే."

అతను ఇంకేదో అంటాడని ఆమె చూసింది. ఆమె ఇంకేదో అడుగుతుందని అతను చూశాడు. మధ్యలో టీ చల్లారింది.

సినిమా షూటింగు ఆఖరి రోజున గుమ్మడికాయ కొడతారు. ఆ గుమ్మడికాయ పగిలేలోపు ఇతని నోరు తెరిపించాలి. ఎలా? షాపు నిండా వస్తువుల మధ్య పెరిగిన పిల్లకు వస్తువు తప్ప ఇంకేం తోస్తుంది?

"మెకానికల్ ఇంజనీరుకు ఏం గిఫ్టిస్తే బాగుంటుందే?" అని స్నేహితురాలు మంజులతను అడిగింది. మంజులత కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంట్‌లో పని చేస్తుంది.

"ఇందులో ఆలోచించేదేముంది? మంచి షర్టివ్వు. ఆ నూనె గుడ్డలు చూడలేక చస్తున్నాం."

లీల నీలం చారల షర్టు కొన్నది. ఓదెలు కవరు విప్పకుండానే, "బాగున్నది. దాచుకుంట, ఆయిల్ అంటుతది," అన్నాడు. ఆ షర్టు మళ్లీ కనబడలేదు.

"అయితే ఉపయోగపడేది ఇవ్వు," అంది మంజులత. లీల ఈసారి కీచెయిన్ ఇచ్చింది. దానికే చిన్న కత్తి, స్క్రూడ్రైవర్, సీసా మూత తీసేది అన్నీ ఉన్నాయి. "బాగున్నది," అన్నాడు. దాంతో యూనిట్ అందరికీ సోడా మూతలు తీసిపెట్టాడు.

"సరదాగా ఉండేది ఇచ్చి చూడవే!" గాజు గోళంలో చిన్న ఇల్లు, కదిపితే మంచు కురుస్తుంది. ఓదెలు ఒకసారి తలకిందులు చేసి చూశాడు. "బాగున్నది."

"ఆ 'బాగున్నది' నాకు తెలుసే," లీల తల పట్టుకుంది. "ప్రొడక్షన్ వాళ్ల ఉప్మాక్కూడా అదే మొహంతో అదే మాట అంటాడు."

"నీ ఖర్మ. వేరే ఎవరినైనా ప్రేమించు. కెమెరా అసిస్టెంట్లయితే దేనికైనా ఏడ్చేస్తారు."

లీల వదిలిపెట్టలేదు. ఇప్పుడది ప్రేమొక్కటే కాదు, పరిశోధన కూడా. ఆధారాలు వెతకడం మొదలుపెట్టింది. ఆధారం షాపులోనే దొరికింది.

డోలు కొట్టే కోతి బొమ్మ. తాళం తిప్పితే ఆడేది. మద్రాసు నుంచి వచ్చినప్పుడే మూగబోయింది. షాపులో లోపల నిజంగా యంత్రం ఉన్న వస్తువు అదొక్కటే. ఓదెలు దాన్ని అటక మీద చూసి, అడక్కుండానే దించి, నేల మీద కూర్చుని వీపు విప్పాడు. టీ తెచ్చిన లీల గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆ చూపు!

హీరోయిన్‌ను హీరో ఎలా చూడాలో డైరెక్టర్లు గొంతు చించుకుని చెబుతారే, అచ్చం ఆ చూపు. రెప్ప వెయ్యడు. పిలిస్తే పలకడు. పెదవి కొరుక్కుంటాడు. ఉన్నట్టుండి తనలో తనే నవ్వుకుంటాడు.

చివరికి కోతి డోలు కొట్టింది. ఓదెలు కళ్లలో వెలుగు మెల్లగా తగ్గింది. బొమ్మను పక్కన పెట్టి, "టీ చల్లారిందా?" అన్నాడు. మళ్లీ కోతి వంక చూడలేదు.

లీలకు తెలిసిపోయింది. ఇతనికి ఇవ్వాల్సింది వస్తువు కాదు, ప్రశ్న.

ఆదివారం ఎర్రగడ్డ సంతకు వెళ్లింది. పోచయ్య అనే పాత సామాన్ల వ్యాపారి దగ్గర గోడ గడియారం ఒకటి కనబడింది. చెక్కపెట్టె, పైన చిన్న తలుపు. గంట కొట్టినప్పుడల్లా తలుపు తెరుచుకుని ఒక పిట్ట బయటికి రావాలి.

"ఇది నడుస్తుందా?"

"ఫస్ట్‌క్లాస్ నడుస్తదమ్మా! జర రిపేర్ చేయిస్తె..."

"అంటే నడవదా?"

పోచయ్య ఇబ్బందిగా చూశాడు. "ఇప్పటికైతె నడవదు."

"తడితే కదులుతుందా?"

"కదలదు."

"నూనె వేస్తే?"

"అబద్ధం ఎందుకు చెప్పాలె? దీని పని అయిపోయింది."

"ఖచ్చితంగా?"

"దేవుని మీద ఒట్టు."

"అయితే ఇదే ఇవ్వండి," అంది లీల సంబరంగా. పోచయ్య గడియారాన్ని కట్టిస్తూ ఆమెను రెండుసార్లు పరీక్షగా చూశాడు.

గుమ్మడికాయ కొట్టే రోజు వచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో బండల మధ్య వేసిన సెట్టు. ఓదెలు తల్లి రాజమ్మ ఊరినుంచి వచ్చింది. కొడుకుతో భిలాయి వెళ్లి, వాడికి గది సర్దిపెట్టి రావాలని. ముతక చీర, నుదుట రూపాయంత బొట్టు, ఎవరినైనా సూటిగా చూసే కళ్లు. ఆమెను చూడగానే లీల చేతిలోని పొట్లం బరువెక్కింది.

కర్పూరం వెలిగించి గుమ్మడికాయ పగలగొట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. వాన ఇంజనీరు వెళ్లిపోతున్నాడని శాలువా కప్పారు. లీల పొట్లం అందించింది. ఓదెలు రంగు కాగితం విప్పాడు.

"అబ్బ, గడియారం!" ప్రొడక్షన్ మేనేజర్ వెంకటేశ్వరరావు ముందుకొచ్చి చెవి పెట్టాడు. మొహం మాడ్చుకున్నాడు. "ఇదేంటమ్మాయ్, చప్పుడే లేదు? ఆగిపోయింది!"

సెట్టు మీద చప్పట్లు ఆగిపోయాయి. సినిమా వాళ్లు. తుమ్మితే షాట్ ఆపే మనుషులు. ఆగిన గడియారాన్ని ఇంట్లో ఉంచుకోవడానికే భయపడతారు. అలాంటిది గుమ్మడికాయ రోజున, కొత్త ఉద్యోగానికి వెళ్లే వాడికి, తల్లి ఎదురుగా!

"చూసుకోకుండా తెచ్చుంటుందండీ," బసవపున్నయ్య కంగారుగా కూతురి ముందుకొచ్చాడు. "అమ్మా, ఏమీ అనుకోకండి. వేరేది తెప్పిస్తాను."

ఓదెలు గడియారం తీసుకుని నీళ్ల ట్యాంకర్ వెనక్కి వెళ్లిపోయాడు. కోపమా? అవమానమా? లీల ట్యాంకర్ వైపే చూస్తూ నిలబడింది.

రాజమ్మ వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది.

"బిడ్డా, అది నడుస్తలేదని నీకు ఎరికేనా?"

అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. తండ్రి అప్పుడే దారి చూపించాడు.

"తెలుసండీ," అంది లీల. "తెలిసే కొన్నాను. నడవదని ఒట్టు వేయించుకుని మరీ కొన్నాను."

వెంకటేశ్వరరావు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఎందుకు బిడ్డా?"

"నడిచేది ఇస్తే ఒకసారి చూసి పక్కన పెట్టేస్తారండీ. నడవనిదైతే... చాలా రోజులు చేతిలో ఉంచుకుంటారు. విప్పినప్పుడల్లా నేను గుర్తొస్తానని."

రాజమ్మ ఆమెను తేరిపార చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వుకు బండలు మారుమోగాయి.

"చిన్నగున్నప్పుడు వీడు ఏడిస్తె ఊకోకపోతుండె. బెల్లం వద్దు, బొమ్మ వద్దు. నేనేం చేసేదాన్నో తెలుసా? తాళంకప్ప ఇచ్చేదాన్ని, తాళంచెవి ఇయ్యకపోయేదాన్ని! పొద్దుమూకెదాంక సప్పుడు లేకుంట కూసునేటోడు. గా సంగతి నాకు, ఆ మల్లన్న దేవునికి తప్ప ఇంకొకలకు ఎరుకలేదు. నీకు ఎట్ల తెలిసె బిడ్డా?"

లీల కళ్లు తుడుచుకుంది. "కోతి చెప్పిందండీ."

అంతలో ట్యాంకర్ వెనకనుంచి ఓదెలు వచ్చాడు. కొత్త శాలువా నిండా మసి. అరచేతిలో చిన్న ఇత్తడి చక్రం. ఇక్కడ ఏం జరిగిందో అతనికేమీ తెలియదు.

"లీలగారూ, దీని పన్ను ఒకటి విరిగింది. బజార్ల దొరకదు. చేతితోని చెయ్యాలె."

"చెయ్యండి. భిలాయిలో పనిముట్లు ఉంటాయిగా."

"ఉంటయి. గని..." అతను చక్రాన్ని అటూ ఇటూ తిప్పాడు. "చేసినంక గాడ ఎవరికి చూపియ్యాలె?"

లీల ఒక అడుగు ముందుకేసింది. "అంత తెలిసినవారు భిలాయి ఎందుకు వెళ్తున్నారండీ?"

"మీ నాయన కోసం."

"నా కోసమా?" బసవపున్నయ్య ఉలిక్కిపడ్డాడు.

"పైపుతోని వాన కొట్టేటోనికి పిల్లనిస్తరా సార్? ఫ్యాక్టరీ నౌకరంటె ధైర్యంగ అడగచ్చు అనుకున్న."

"ఓరి నీ అమాయకత్వం! అట్ట కిరీటాలు అద్దెకిచ్చుకుని బతికేవాణ్ణి బాబూ నేను. నా షాపులో నిజమైంది ఒక్కటీ లేదు. నీ వానలో నీళ్లయినా నిజమైనవి కదయ్యా!"

"మరింకేంది?" రాజమ్మ అడిగింది. "భిలాయి పోవుడా, ఉండుడా?"

"గీడనే ఉంట," అన్నాడు ఓదెలు.

సంతోషంలో వెంకటేశ్వరరావు దేన్నో ఆనుకున్నాడు. అది వాల్వు చక్రం. పైనుంచి వాన దబదబా దిగింది. జనం కేకలు పెడుతూ పరిగెత్తారు. లీల ఓదెలు చేతిలోని ఇత్తడి చక్రాన్ని తన అరచేత్తో మూసింది, తడవకుండా. అతను కదల్లేదు. రెప్ప వెయ్యలేదు. పిలిస్తే పలకలేదు.

ఈసారి ఆ చూపు చక్రం మీద లేదు.

పెళ్లయిన ఏడాదికి ఆ గడియారం నడిచింది. తలుపు తెరుచుకుని పిట్ట బయటికొచ్చి కూసింది. ఓదెలు ఆ రోజంతా భార్యను పిలిచి పిలిచి చూపించాడు. మర్నాడు దిగాలుగా కూర్చున్నాడు.

ఆ ఆదివారం లీల ఎర్రగడ్డ సంతకు బయల్దేరింది. దూరంనుంచి ఆమెను చూడగానే పోచయ్య గబగబా నడిచే గడియారాలన్నీ గోనెసంచిలోకి తోసి, కింద దాచినదేదో బయటికి తీశాడు.

"రా అమ్మా రా! నీ కోసమే తీసిపెట్టిన. అస్సలు నడవది!"