కేరీలో ఉన్న ఇండియా

రఘువీర్ రేష్మకి పరిచయమైన రోజే అబద్ధం చెప్పాడు.

విడాకులయ్యాక అతను జీవితానికి అర్థం వెతుక్కుంటూ యోగా చేశాడు, గిటారు పట్టాడు, మారథాన్ కోసం బూట్లు కొనడం వరకూ వెళ్ళాడు. చివరికి అమెరికాలో తానుండే మోరిస్‌విల్‌లో ఆదివారం జరిగే పిల్లల తెలుగు క్లాసులో టీచరుగా తేలాడు. తోటి టీచరు రేష్మ, “నేను డివోర్సీనండీ, ఆదివారాలు ఖాళీ. మీ ఆవిడ రాలేదా?” అంది. అంత తేలిగ్గా అనడం చేతకాక, “ఇండియా వెళ్ళింది” అనేశాడు.

ఆ ఇండియా పది నిమిషాల దూరంలో, పక్క ఊరు కేరీలో ఉంటోంది. అదే క్లాసుకొచ్చే కూతురు భవితకి కూడా అలాగే చెప్పమని నేర్పాడు. క్లాసులో తెలుగు కన్నా ముందు నేర్పిన పాఠం అది.

“మేడమ్ ఎప్పుడొస్తున్నారు?” ప్రతి ఆదివారం రేష్మ కళ్ళతో నవ్వుతూ అడిగేది.

“వీసా లేటవుతోందండీ.”

“అయ్యో! మరీ ఇంత లేటా?”

నిజం చెబితే ఆ నవ్వు జాలిగా మారుతుందేమోనని అతని భయం.

ఆ రోజు పాఠం ‘మా కుటుంబం’. భవిత లేచింది.

“మా నాన్న పేరు రఘువీర్. మా అమ్మ...” ఆగి తండ్రి వైపు చూసింది. “నాన్నా, రియల్ ఆన్సర్ చెప్పాలా? క్లాస్ ఆన్సరా?”

రఘువీర్ చెవులు వేడెక్కాయి. చేతిలో మార్కర్‌కి మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

“రియల్‌దే చెప్పమ్మా.”

“అమ్మ కేరీలో ఉంటుంది. అమ్మా నాన్నా డివోర్స్ చేసుకున్నారు. ఇద్దరూ నాకు దోశ వేస్తారు. నాన్నది మాడుతుంది.”

పిల్లలు నవ్వారు. రఘువీర్ తలెత్తలేదు.

క్లాసయ్యేసరికి వాన. భవితని కారెక్కిస్తుంటే రేష్మ గొడుగుతో వచ్చింది.

“సారీ అండీ. మీతో అబద్ధం...”

“నాకు తెలుసు. పోయిన నెల కేరీలో ఇండియన్ షాపులో మామిడిపళ్ళ పెట్టె మీద ఆవిడా నేనూ ఒకేసారి చెయ్యి వేశాం. పెట్టె ఆవిడకే దక్కింది.”

“మరి అడుగుతూనే ఉన్నారే!”

“మీరెప్పుడు చెప్తారో చూద్దామని.” ఆమె నవ్వు ఆగింది. “కానీ ఆ రోజు భవిత నన్ను చూసి వాళ్ళమ్మ వెనక దాక్కుంది. అది నాకు నచ్చలేదండీ.”

రఘువీర్ కారు తలుపు దగ్గర, వానలోనే, కూతురి ముందు వంగాడు.

“తప్పు నాదమ్మా. ఇంకెప్పుడూ నీతో అబద్ధం చెప్పించను.”

“ఓకే నాన్నా. యూ ఆర్ గెటింగ్ వెట్.”

గొడుగు అతని మీదికి జరిగింది.

“కాఫీ తాగుదామా, మాష్టారూ? మీ ఇంట్లోనా, బయటా?”

“బయటేనండీ. నా కాఫీ అస్సలు బాగుండదు.”

“రియల్ ఆన్సర్, ఆంటీ,” అంది కారులోంచి భవిత.