చూశాను అన్నవాళ్ళు

2069 నాటికి హార్స్‌లీ కొండ మీది క్రీడాశిబిరంలో పొద్దున్నే మొహం కడుక్కునే ముందు ప్రతి ఒక్కరూ అద్దంలో తమ మెడ కింద పచ్చదీపం వెలుగుతోందో లేదో చూసుకునేవారు. దాని పేరు మనఃకాపరి. చర్మానికి అతుక్కునే పలుచని బిళ్ళ. చెమటలోని హార్మోన్లనూ, నాడి తీరునూ, గొంతు వణుకునూ చదివి, ఆ కొలతల్ని సెలెక్టర్లకూ చూపిస్తుంది. మనిషి ప్రాణం తీసుకునే ఆలోచనకు దగ్గరవుతున్నట్టు తోస్తే ఎర్రబడి, ఆ మనిషిని కనిపెట్టుకోవాల్సిన 'రక్షణ వలయం'లో ఉన్నవాళ్ళందరి ముంజేతి పట్టీలకూ హెచ్చరిక పంపుతుంది. అందుకున్నవాళ్ళు 'చూశాను' అనే మీట నొక్కాలి. ఎవరెవరు నొక్కారో మిగతావాళ్ళకు కనిపిస్తుంది.

బిళ్ళ అతికించుకోనన్నది రన్నర్ మాబున్ని ఒక్కతే.

"నా లోపల ఏముందో సెలెక్టర్లకెందుకు సార్?" అంది కోచ్‌తో.

రిలే పరుగు జట్టులోంచి ఆమెను తీసేసి తోటి రన్నర్ మేఖలను పెట్టారు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా తిట్లే తప్ప మాటల్లేవు.

ఆసియా పోటీల ఫైనల్లో మేఖల చేతిలోంచి బ్యాటన్ కర్ర జారిపోయింది. పతకం పోయింది. విమానం దిగేసరికి దేశమంతా ఆమెను తిట్టిపోస్తోంది. భోజనాల దగ్గర కోచ్ ఓబుల్‌రెడ్డి ఎదురుపడి మొహం తిప్పుకున్నాడు. ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి జట్టులో ఎవరూ రాలేదు.

మరునాడు మధ్యాహ్నం ఆమె బిళ్ళ ఎర్రబడింది. కోచ్, శిబిరం డాక్టరు, తోటి రన్నర్లు అందరూ 'చూశాను' నొక్కారు. ఎవరూ కదల్లేదు.

ఇదేమీ తెలియని మాబున్ని పోట్లాటకని వచ్చి మేఖల గది తలుపు బాదింది.

"తలుపు తీయే! నా చోటు తీసుకుని, చేతిలో కట్టెముక్క పట్టుకోలేకపోతివా?"

తలుపు తోసింది. మేఖల గోడకానుకుని నేల మీద కూర్చుని ఉంది. కళ్ళెత్తలేదు. మాబున్ని తిట్టబోయి ఆగింది.

"ఏమ్మే, సచ్చిపోదామనుకుంటాండావా?" అని సూటిగా అడిగింది.

మేఖల తలూపింది.

"మరి నేనెవురితో కొట్లాడాల? లెయ్, ఆసుపత్రికి పోదాం. రాకుంటే ఈడ్నే కూకుంటా, నువ్వు లేసేదాకా."

అలాగే కూర్చుంది. ఓదార్చలేదు, చెయ్యి పట్టుకోలేదు. చాలాసేపు ఏడ్చాక మేఖల లేచింది. శిబిరం జీపులో ఇద్దరూ మదనపల్లె వెళ్ళి మనోవైద్యురాలిని కలిశారు. ఆమె మేఖలను ఆసుపత్రిలో చేర్చుకుంది.

వారం తర్వాత మనఃకాపరిని కనిపెట్టిన ఇందుశేఖర్ బెంగళూరు నుంచి శిబిరానికి వచ్చాడు. "యంత్రం పనిచేసింది, హెచ్చరిక వెళ్ళింది" అని అధికారులు ఆయనకు శాలువా కప్పబోయారు. ఆయన ఆ చేతుల్ని నెట్టేశాడు. ఆ మధ్యాహ్నం మిగతావాళ్ళ బిళ్ళల్లో నమోదైన కొలతల్ని ఆయన అప్పటికే చూశాడు. హెచ్చరిక అందగానే అందరి గుండెలూ దడదడలాడాయి. మీట నొక్కగానే నెమ్మదించాయి. ఆ యంత్రం నిమిషాల్లో మనశ్శాంతినిచ్చింది, నొక్కినవాళ్ళకు.

ఆ తర్వాత మదనపల్లె ఆసుపత్రి వరండాలో మాబున్ని ఆయన్ని నిలదీసింది.

"మీకు రాలేదా సార్, ఆ హెచ్చరిక?"

"వచ్చింది. అందరి వలయంలోనూ నేనుంటాను. నేనూ నొక్కాను. కోచ్ పేరు కనబడింది. ఆయన వెళ్తాడనుకున్నాను."

"ఆయప్ప మీరు ఫోన్ చేస్తారనుకున్యాడంట."

ఇందుశేఖర్ లోపలికి వెళ్ళి మేఖల మంచం పక్కన కూర్చున్నాడు.

"ఇకనుంచి హెచ్చరిక ఒక్కరికే పంపుతానమ్మా. ఎవరికి పంపమంటావు?"

మేఖల గుమ్మం వైపు చూపించింది. అక్కడ మాబున్ని చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఆమె నిన్ను తిడుతుంది కదా?"

"తిట్టేదానికైనా వస్తుంది సార్."

ఇందుశేఖర్ సంచిలోంచి ముంజేతి పట్టీ తీసి ఇవ్వబోయాడు. మాబున్ని ఆ చేతిని పక్కకు తోసేసింది.

"ఇది నాకొద్దు. శిబిరంలో ఆయమ్మి పక్కగది నాకిప్పీండి."