సగటుకు లొంగని సాయంత్రాలు

కోదాడ లైను గొంతు పట్టుకుని గిలగిలలాడిన సాయంత్రాలన్నీ రికార్డులోంచి మాయమైపోయాయి.

కృపారాణి కుర్చీ ముందుకు జరుపుకుని మళ్లీ చూసింది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. పరీక్షల కాలం. కోదాడ హాస్టళ్లన్నీ కిక్కిరిసి, దీపాలు పెట్టే వేళకు అందరూ ఒక్కసారిగా ఇంటర్నెట్ మీద పడి, ఆమె చెవి ఫోనుకే అతుక్కుపోయిన రోజులు. అప్పుడు తెర మీద వాడకం చూపే గీత తాటిచెట్టంత ఎత్తు లేచేది. కళ్లారా చూసింది. ఇప్పుడదే గీత ఇస్త్రీ చేసిన చీర అంచులా సాఫుగా పడుకుని ఉంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ పాపయ్యది. కోదాడ ఆఫీసు చూసుకునేది కృపారాణి. లైను చాలడం లేదని, పెద్దది వేయించమని ఆమె మొరపెట్టుకుంటూనే ఉంది. ఈలోగా సగం హాస్టళ్లు వేరే కంపెనీకి వెళ్లిపోయాయి. పాపయ్య రికార్డు తెరిపించి చూశాడు. లైను సగం కూడా వాడలేదని తేలింది. అయితే తప్పు లైనుది కాదు, కోదాడ అమ్మాయిది అన్నాడు.

‘నిర్లక్ష్యం నాదే’ అని ఆమె సంతకం చేసి, మిర్యాలగూడ ఆఫీసులో బిల్లుల కౌంటర్‌లో కూర్చోవాలి. లేదా ఇంటికి పోవాలి. కాగితం టైపు చేయించి సిద్ధంగా పెట్టాడు. రేపు సూర్యాపేట రమ్మన్నాడు.

కృపారాణి ఫోన్ తీసింది. సర్వర్లు, పాత రికార్డులు చూసుకునే సుధీర్ ఉండేది సూర్యాపేటలోనే. మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. గొంతు మాత్రం కంఠతా వచ్చు. పరీక్షల కాలంలో లైను మొరాయించిన ప్రతిసారీ ఆమె తిట్లు తిన్నది ఆ గొంతే. మొదటిసారి తిట్టినప్పుడే అతను అడిగాడు, మీ కోదాడోళ్లు తిట్టినా ‘మీరు’ అనే తిడతరా మేడం అని. ఆ రోజు ఆమెకు నవ్వొచ్చింది. కోపం ఖర్చైపోతుందని ఫోన్ పెట్టేసింది.

ఇవాళ నవ్వు రాలేదు.

“నా సాయంత్రాలు ఏం చేశారు మీరు?”

“డౌన్‌శాంప్లింగ్ అంటరు మేడం. నెల దాకా నిమిషానికొక అంకె ఉంటది. నెల దాటంగనే ఆ రోజు మొత్తానికి ఒక్క సగటు అంకె మిగుల్తది. కడమయి తుడిచిపెట్టుకుపోతయి. లేకపోతే డిస్క్ నిండుతది.”

“తెల్లవార్లూ ఖాళీగా పడున్న లైనుతో కలిపి సగటు కొడితే సాయంత్రం ఏం కనపడుద్దండీ? మా అమ్మ పొలం సాగర్ కాలువ చిట్టచివర. సీజన్ మొత్తం లెక్కేస్తే నీళ్లు సరిపోయినట్టే కాగితంలో ఉంటది. పైరు పొట్టకొచ్చినప్పుడు రాని నీళ్లు కోతలప్పుడొస్తే, ఎవరు తాగాలి?”

“మీరు అనేది నిజమే. కానీ రూల్ నాది కాదు.”

“తుడిచిన చెయ్యి మీదేగా.”

ఆ మాటకు అతను ఫోన్ పెట్టేశాడు. రోజూ ఏదో ఒకటి అంటించేవాడు ఇలా తప్పుకోవడం ఆమెకు వింతగా తోచింది.

రూల్ సంగతి ఆమెకూ తెలుసు. నిరుడు సరిగ్గా పరీక్షల ఫలితాల రోజే డిస్క్ నిండిపోయి మూడు ఊళ్లకూ ఒకేసారి ఇంటర్నెట్ ఆగిపోయింది. జనం సూర్యాపేట ఆఫీసు షట్టర్ వంచేశారు. ఆ రోజే పాపయ్య అందరినీ నిలబెట్టి చెప్పాడు, పాత లెక్కలు ఎవడు దాచినా ఉద్యోగం ఊడుతుందని. ఈ నెల అంకెలు చూపిద్దామంటే వేసవి సెలవుల్లో హాస్టళ్లే ఖాళీ. పరీక్షలప్పుడు ఆ గీతను తను ఫోన్‌లో తీసిన ఫోటోలు పంపితే, ఫోటో ఎవరైనా తయారు చేయొచ్చని పాపయ్య కొట్టిపారేశాడు.

మర్నాడు బస్సెక్కబోతుంటే తల్లి సాలమ్మ టిఫిన్ డబ్బా సంచిలో కుక్కుతూ, సంతకం పెట్టి వస్తావా అని అడిగింది.

“పెట్టను.”

“ఉద్యోగం పోద్దే.”

“పోనీ. చేయని తప్పుకు సంతకం పెట్టినాక ఆ ఉద్యోగం ఉండి ఏం లాభం?”

సాలమ్మ ఇక సంతకం మాట ఎత్తలేదు. అయితే ఆ సూర్యాపేట పిలగాణ్ణి కూడా నాలుగు కడిగి రా, రోజూ తిట్టి తిట్టి ఇప్పుడు మానేస్తే అలవాటు తప్పుద్ది అంది. కృపారాణి చురుగ్గా చూసేసరికి డబ్బా మూత సరిచేస్తున్నట్టు తల వంచుకుంది.

సూర్యాపేట బస్టాండ్‌లో దిగేసరికి వాన దంచుతోంది. షెడ్డు బయట ఎవరో పొడుగాటి అబ్బాయి, బైకు పక్కన నిలబడి తడుస్తున్నాడు. చేతిలో గొడుగు ఉంది. విప్పలేదు.

“మేడం, ఆఫీసు దాకా దింపుతా.”

గొంతు వినగానే ఆమె ఆగింది. ఇన్నాళ్లూ ఈ గొంతుకు తను మరీ ముదురు మొహం తగిలించి ఊహించుకుంది. ఇతనికి సరిగ్గా మీసం కూడా కుదురుకోలేదు.

“నడుస్తాను,” అంది.

నడిచింది. అతను బైకు స్టార్ట్ చేయలేదు. పక్కనే తోసుకుంటూ నడిచాడు. గొడుగు ఆమెకు అందించాడు. ఆమె తీసుకోలేదు. గొడుగు ఇద్దరి మధ్యా బైకు సీటు మీద పడుకుని హాయిగా తడిసింది. పక్కనుంచి పోతున్న ఆటోవాడు మాత్రం ఇద్దరినీ చూసి తల బయటపెట్టి మరీ నవ్వాడు.

“ఒక మాట చెప్త, వింటరా?” అన్నాడు సుధీర్. “కాయితం ముందల పెట్టంగనే స్టోరేజీ తెర తెరిపించమనుండ్రి. ఏ ఊరి లెక్కలు ఎంత జాగ తిన్నయో అండ్ల ఉంటది. అది సూసినంకనే మాట్లాడుండ్రి.”

“ఎందుకు?”

“అడుగుండ్రి, అంతే.”

ఆమె ఇంకేదో అడగబోయింది. అతను రోడ్డు వైపు చూస్తున్నాడు. వాన నీళ్లు చెవుల మీంచి కారుతున్నాయి. భయపడ్డ మొహం. తను కదా భయపడాల్సింది, ఇతనికేమైంది అనుకుంది.

మేడ మీద గదిలో పాపయ్య, నలుగురు స్టాఫ్ కూర్చుని ఉన్నారు. గోడకు పెద్ద తెర. పాపయ్య ఒకప్పుడు స్తంభాలెక్కి కేబుల్ లాగినవాడు. కేకలు వేయడు. కాగితం మెల్లగా ఆమె ముందుకు జరిపాడు.

“సూడు బిడ్డా. రికార్డు అబద్ధమాడదు.”

“ఆడదు సార్. సగం చెప్పి నోరు మూసుకుంటుంది.”

స్టాఫ్‌లో ఒకరు పెన్ను తీసి ఇచ్చారు. ఆమె పెన్ను అందుకుని కాగితం మీద అడ్డంగా పెట్టింది. సంతకం ఎలాగూ పెట్టను, ముందు ఒక్కసారి స్టోరేజీ తెర తీయించండి అంది. పాపయ్య విసుగ్గా చెయ్యి ఊపాడు. ఎవరో తెరిచారు.

సూర్యాపేట లెక్కలు గుప్పెడంత. మిర్యాలగూడవీ అంతే. కోదాడ పట్టీ ఒక్కటే తెర అంచు దాకా పొడుచుకొచ్చి ఉంది.

కృపారాణి లేచి తెర దగ్గరికి వెళ్లింది.

“మూడు ఊళ్లలో తక్కువ కనెక్షన్లు మావే. అందరి లెక్కలూ ఒకే రూల్‌తో కుదిస్తున్నారు. మరి అన్నిటికంటే పెద్ద మూట మా ఊరిదెందుకు? నా ఊరి పేరుతో ఇక్కడ ఎవరో ఏదో దాస్తున్నారు సార్. ముందు అది తేల్చండి. తర్వాత నా కాగితం సంగతి.”

పాపయ్య నిటారుగా కూర్చున్నాడు. మూట విప్పమన్నాడు. సుధీరే ముందుకు వచ్చి విప్పాడు. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాడు.

తెర నిండా గీతలు లేచాయి. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. నిమిషం నిమిషానికీ. పగలంతా పడుకున్న గీత దీపాల వేళకు ఒక్క ఉదుటున లేచి, లైను మోయగలిగిన పైకప్పు తగిలి, అక్కడే కొట్టుకుంటోంది. రోజు తర్వాత రోజు.

పాపయ్య చాలాసేపు చూశాడు. పెద్ద లైను వేసే గుత్తేదారుకు ఫోన్ కలపమని, హాస్టళ్లు తెరవకముందే కోదాడ పని కావాలని పక్కనున్నతనికి చెప్పాడు. ఆమె ముందున్న కాగితం తనే తీసుకుని నిలువునా చింపాడు. తర్వాత తల తిప్పాడు.

“ఇగ చెప్పుండ్రి. నా రూల్ ఎవడు తప్పిండు?”

కృపారాణి తనకు తెలియకుండానే సుధీర్ వైపు తిరిగింది. స్టోరేజీ తెర తెరిపించమన్నది ఎవరు? దొరికిపోయే దారి తనకు చూపించింది ఎవరు?

“మీరేనా?” అంది. “ఒక్క కోదాడవే ఎందుకు దాచారు?”

సుధీర్ జేబులోంచి ఆఫీసు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. పాపయ్యను చూస్తూ మొదలుపెట్టాడు గానీ, రెండు మాటలయ్యేసరికి ఆమె వైపే తిరిగిపోయాడు.

“నేనే సార్. మూడు ఊళ్ల లెక్కలూ కుదించిన. సూర్యాపేటవి కుదించిన, మిర్యాలగూడవి కుదించిన, ఏం అనిపించలే. కోదాడవి గూడ కుదించిన గానీ, అసలు అంకెలు తుడవనీకి చెయ్యి రాలే, పక్కకు దాసిన. గా గీత ఎక్కడెక్కడ పైకప్పు తగిలిందో, గదే నిమిషంల మీరు నాకు ఫోన్ జేసిండ్రు. సగటే మిగిల్తే అయి ఉత్త రోజులైపోతయి. మీరు తిట్టనే తిట్టనట్టు, నేను విననే విననట్టు. నిన్ననే చెప్దామనుకున్న, ఉద్యోగం యాదికొచ్చి నోరు రాలే. పొద్దున బస్టాండ్‌ల చెప్దామనుకున్న, మీ మొహం సూసి అసలే రాలే. అందుకే పట్టుకునే దారి మీకే చెప్పిన. తప్పు జేసిన సార్, తీసేస్తే తీసేయుండ్రి. గానీ మళ్ల చెయ్యనని మాత్రం నాతోని రాయించకుండ్రి. రేపు కోదాడ నుంచి ఫోనొస్తే, అది గూడ దాసుకుంట.”