హెల్మెట్‌లో రెండో పొర

"ఏవండీ, ఊపిరి వదిలేసి తల కాస్త కిందికి వంచండి... నేను పైకి లాగుతాను," అంది ఆమె, కుర్చీ వెనక నిలబడి.

"పొద్దుటి నుంచీ వదులుతూనే ఉన్నాను. ఇక వదలడానికి ప్రాణమొక్కటే మిగిలింది," అన్నాడు ఆయన హెల్మెట్ లోపలి నుంచి. ఆ గొంతు బానలోంచి వచ్చినట్టుంది.

మర్నాడు ఎనిమిదింటికి వ్యాను వస్తుంది. ముప్ఫై ఏళ్ళున్న ఇల్లు ఖాళీ చేసి రెండు గదుల వాటాలోకి మారాలి. సామాను సర్దుతూ, బీరువా మీద పన్నెండేళ్ళుగా పాత చీర కప్పి ఉన్న వెండిరంగు హెల్మెట్‌ను ఆయన దింపాడు. ఆమె వంటింట్లోంచి వచ్చి చూసేసరికి దాన్ని తలకు పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడం ఎక్కింది, దిగడం లేదు. చెవుల దగ్గర పట్టేసింది. ముందున్న అద్దం పైకి లేస్తుంది కాబట్టి ఊపిరికి భయం లేదు. అయినా డెబ్భై ఏళ్ళ మనిషి, బీపీ ఉన్న మనిషి...

అది ఎందుకు దిగడం లేదో ఈ లోకంలో తనొక్కదానికే తెలుసని ఆమె నమ్మకం. ఆ సంగతి చెబితే ఒక్క నిమిషంలో దిగుతుంది. కానీ చెబితే...

చెప్పలేక కూతురికి ఫోన్ చేసింది. "పిట్టా, నాన్న తల ఇరుక్కుపోయిందే. ఆ హెల్మెట్‌లోనే."

"వస్తున్నా," అని మాత్రం అవతల నుంచి వినబడింది.

పిట్ట ఈ గుమ్మం తొక్కి పన్నెండేళ్ళయింది. వారానికోసారి ఫోన్, నెలకోసారి బజార్లో పావుగంట, అంతే తల్లికి దక్కింది. ఆ పావుగంట అయ్యాక బస్సెక్కే కూతురి వీపు చూస్తూ నిలబడడం ఆమెకు అలవాటైపోయింది. అలవాటైంది గానీ తేలిక కాలేదు.

ఒకప్పుడు ఈ హాల్లో ఎన్ని లోకాలు తయారయ్యాయని... ఆకాశంలో తిరిగే మనుషుల సినిమా ఎవరు తీసినా ముందు ఈ ఇంటికే వచ్చేవారు. ఆయన ఫైబరుతో హెల్మెట్లు పోసేవాడు. ఆమె కారు సీట్ల రెక్సిను కొని, దూది పరిచి, గళ్ళుగళ్ళుగా కుట్టి అంతరిక్షం దుస్తులు చేసేది. బట్టలుతికే మిషను గొట్టం గాలిగొట్టమయ్యేది. పాత రేడియో మరలు గుండెల మీద మీటలయ్యేవి. వంటింట్లో జల్లెడ కనబడకపోతే, "ఏ గ్రహం మీదుందో వెతకండి," అనేది ఆమె. ఇరుగమ్మ తన జల్లెడను ఓ సినిమాలో రాక్షసుడి నోటికి చూసి గుర్తుపట్టి, నెల రోజులు మాట్లాడలేదు. పిట్ట పదేళ్ళప్పుడే బల్ల ఎక్కి నటుల తలలు కొలిచేది. మెడలో టేపు వేసుకుని, "కదలకండి అంకుల్, మీ తల వంకర," అనేది. ఇల్లంతా జిగురు వాసన, కుట్టుమిషను చప్పుడు, తండ్రీకూతుళ్ళ నవ్వులు...

ఆ నవ్వులు ఒక్కరోజుతో ఆగిపోయాయి. పెద్ద సినిమా, కొత్త కథానాయిక. కొలత పిట్టే తీసింది. షూటింగు మధ్యలో ఈ వెండి హెల్మెట్టే ఆ అమ్మాయి తలకు పట్టేసింది. గంటసేపు నూనె పోసి లాగితే చెవి తెగి నెత్తురొచ్చింది. ఆ పిల్ల ఏడుస్తూ వెళ్ళిపోయింది, ఒప్పుకున్న నలభై దుస్తుల పనీ వేరేవాళ్ళకు వెళ్ళిపోయింది. ఆయన ఇంటికొచ్చి కూతురితో ఒకే మాటన్నాడు. "కొలత తియ్యడం రాని చెయ్యి నా పనిలో పెట్టొద్దు."

పిట్ట టేపు తీసి మేకుకు తగిలించింది. మర్నాడే నాటకాల కంపెనీలో ముఖాలకు రంగులేసే పనికి వెళ్ళిపోయింది. నిజం తల్లి గొంతుదాకా వచ్చింది. ఆయన కళ్ళు చూసి అక్కడే ఆగిపోయింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే పన్నెండేళ్ళు...

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. పిట్ట లోపలికొచ్చింది, చంకలో పౌడరు డబ్బా. కుర్చీలో వెండితలతో కూర్చున్న తండ్రిని చూసి పెదవి బిగించింది.

"నవ్వొస్తే నవ్వు. అద్దంలోంచి కనబడుతోంది," అన్నాడు ఆయన.

"నవ్వడానికి రాలేదు. ఎందుకు పెట్టుకున్నారు?"

"సర్దుతుంటే నీ కొలతల పుస్తకం దొరికింది. ఆ అమ్మాయి తల ఇరవై రెండంగుళాలని రాశావు. నా తలా ఇరవై రెండే. తప్పెక్కడుందో ఈసారి నేనే చూద్దామనుకున్నాను." ఆయన గొంతు తగ్గింది. "కొలత సరిగ్గానే ఉండాలే. మరెందుకు రావడం లేదు?"

పిట్ట తల్లి వైపు చూసింది. ఆ చూపు ముందు ఆమె ఇక నిలబడలేకపోయింది. ఆయన వెనక్కి వెళ్ళి, మెడ దగ్గర అంచులోకి రెండు వేళ్ళు పోనిచ్చింది. ఆ ముడి ఎక్కడుందో ఆ వేళ్ళకు తెలుసు.

"కొలత తప్పు కాదండీ. తప్పు నాది."

"ఏంటి నీది?"

"మీరు స్పాంజి ఒక్క పొరే అంటించారు. నేను దాని మీద గుడ్డతో ఇంకో పొర వేసి గొలుసుకుట్టు కుట్టాను. ఆ పిల్ల పూటపూటంతా అది పెట్టుకుని ఉండాలి కదా, తలకు ఒత్తుకుంటుందేమోనని... మీకు చెబితే వద్దంటారని చెప్పలేదు. తర్వాత చెప్పడానికి నోరు రాలేదు."

గొలుసుకుట్టుకు కొస దొరికితే చాలు, మిగతాది దానంతటదే వచ్చేస్తుంది. ఆమె లాగింది. కుట్టు సరసరా ఊడింది. మెత్తటి పసుపు గుడ్డ మడత చెవుల పక్కనుంచి జారి బయటికొచ్చింది. పిట్ట రెండు చేతులా పట్టి ఎత్తితే హెల్మెట్ కుండ మీద మూతలా లేచింది.

ఆయన చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఒళ్ళో పడ్డ గుడ్డను విప్పి చూశాడు. పిట్టను పసితనంలో చుట్టిన దుప్పటి ముక్క అది. దాన్ని మోకాలి మీద పరిచి చేత్తో సాపు చేశాడు.

"నిండా పన్నెండేళ్ళు దాచావా?" అన్నాడు.

ఆమె నేల మీద కూలబడింది. "మీరేమన్నా పడతాను. పిట్టా, నువ్వూ అను. నా మూలాన నువ్వు..."

"నాకు ఆరోజే తెలుసమ్మా," అంది పిట్ట.

ఇద్దరూ తలెత్తారు.

"హెల్మెట్‌కంటిన నెత్తురు తుడిచింది నేనేగా. లోపల చూశాను. నీ కుట్టు నేను గుర్తుపట్టలేనా?"

"మరి నాన్నకెందుకు చెప్పలేదే?"

"నాకు రెండు చేతులున్నాయి, ఎక్కడైనా బతుకుతాను. నువ్వు ఈ ఇంట్లోనే, ఈయనతోనే ఉండాలి కదమ్మా. ఆరోజు నాన్న ముఖం నువ్వూ చూశావుగా." పిట్ట హెల్మెట్‌ను కింద పెట్టింది. "నువ్వు చెబుతావేమోనని మాత్రం... బజార్లో కలిసిన ప్రతిసారీ ఎదురుచూశాను."

ఆ మాటకు తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. పావుగంట పావుగంటగా తను పోగొట్టుకున్నది ఎంతో అప్పటికి తెలిసింది ఆమెకు. పిట్ట పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది, పెద్దదానిలా.

ఆయన లేచాడు. గోడలన్నీ ఖాళీ చేసినా ఒక్క మేకు మీద టేపు మాత్రం అలాగే వేలాడుతోంది. పన్నెండేళ్ళుగా ఆయన వేరే టేపుతోనే పని చేసుకున్నాడు గానీ దాన్ని ముట్టలేదు. ఇప్పుడు తీసి, దుమ్ము దులిపి, వంగి కూతురి మెడలో వేశాడు.

"ఆ చేతులు నాకు పనికిరావన్నాను," అన్నాడు. టేపు కొసలు రెండూ సమంగా సర్దాడు. "నీ కొలత సరైందే, పిట్టా."

పిట్ట టేపు కొస వేళ్ళకు చుట్టుకుంది. హెల్మెట్ తీసి తన తలకు పెట్టుకుంది, తీసింది. మళ్ళీ పెట్టుకుంది, తీసింది. చెవి తగలకుండా దిగింది. మరోసారి పెట్టుకుని లోపలి నుంచి, "వంకర తల మీదేనన్నమాట," అంది. ఆయన నవ్వబోయి దగ్గాడు.

ఆ సాయంత్రం పిట్ట బస్సుకు వెళ్ళలేదు. జల్లెడలన్నీ ఒక పెట్టెలో సర్దుతూ కూర్చుంది. తల్లి కిటికీ దగ్గర సూదిలో దారం ఎక్కించి హెల్మెట్ లోపల ఊడిన స్పాంజి అంచు కుడుతోంది. పక్కనే పసుపు గుడ్డ ఉంది. ఆమె చెయ్యి దాని మీదికి వెళ్ళడం కూతురు చూడనే చూసింది.

"అమ్మా. ఒక్క పొరే."

"ఒక్క పొరేలేవే," అంది ఆమె. గుడ్డను నాలుగు మడతలు పెట్టి తన ఒళ్ళోనే ఉంచుకుంది.