ఐదో సంకేతం

అబద్ధం కాదు, వదిలేసిన వాక్యం మాత్రమే. వదిలేయడానికీ అబద్ధమాడటానికీ మధ్య చాలా దూరం ఉందని వాచస్పతి ఉదయం నుంచీ తనకు తానే నచ్చజెప్పుకుంటున్నాడు. ఆ దూరం ఇప్పుడు గంగులు ఉద్యోగమంత ఉంది.

2083 నాటికి, సముద్రం మీద తేలే కళింగ రేవులో పనిచేసే ప్రతి మనిషి మెదడులోనూ మినపగింజంత ‘మనోదర్శిని’ ఉంది. మనసు పని మధ్యలో ఆగితే అది దూరాన ఉన్న కేంద్రానికి ఒక సంకేత సంఖ్య పంపుతుంది. దాన్ని నిలుపు నివేదిక అంటారు. రెండు వస్తే మనిషి కావాలనే ఆగాడు. పదకొండు వస్తే భయం. ఐదు వస్తే బయటివాళ్లెవరో అతని మనసులో ఆపుగుర్తు పెట్టారు. ఈ సంకేతాలను వివరించే గ్రంథం వాచస్పతి రాసిందే.

క్రేన్ నడిపే గంగులు, కంటైనర్ గాల్లో ఉండగా ఏడు సెకన్లు ఆగిపోయాడు. ఐదు వచ్చింది. శత్రువులకు బుర్ర అప్పగించాడని అభియోగం. మూడు గంటలకు విచారణ. అందుకే వచ్చి వాచస్పతి బల్ల పక్కన నిలబడ్డాడు.

“పుస్తకం రాసింది తమరేనంట గదా బాబూ. నా బుర్రలో గుర్తు ఎవుడెట్టాడో తమరే సెప్పండి.”

“నీకేమీ గుర్తులేదా?”

“ఏటుంది గుర్తుండడానికి? ఆగిపోనాను, మళ్లీ కదిలినాను. మా ఇంటిది పొయ్యి కాడ రోజుకి నాలుగుసార్లు ఆగిపోతది. దాన్నెవులూ ఏటీ అడగరు.”

వాచస్పతి గోడ గడియారం చూశాడు. గంగులు వెళ్లిపోయాడు.

మనోదర్శినిని తయారుచేసిన పైడిరాజు టీ గ్లాసుతో వచ్చాడు. “ఏటి మాస్టారూ, ఇంకా ఆ ఐదేనా?”

“కారణం దొరక్కపోయినా యంత్రం ఐదే పంపుతుంది. ఆ మాట నేను రాయలేదు. పేజీ శుభ్రంగా ఉండాలనుకున్నాను.”

“మొదటి నమూనా ‘తెలీదు’ అనీది. ఒక్కడూ కొనలేదు. తప్పు జవాబుతో మనిషి బతికేస్తాడు మాస్టారూ, జవాబు లేపోతేనే బతకలేడు.” పైడిరాజు టీ ఊదుకున్నాడు. “ఐదు కింద ఇప్పటికి పదిహేడుమందికి ఉద్యోగాలు పోనాయి. ఇప్పుడా లైను రాస్తే అందరూ మీ గుమ్మంలోనే కూకుంటారు.”

అతను వెళ్లాక వాచస్పతి ఆ పేజీ తెరిచాడు. వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఎందుకో అతనికి స్పష్టంగా తెలుసు. పదిహేడు ముఖాలంటే భయం.

తెర మూల వెలిగింది. వాచస్పతి. నిలుపు: తొమ్మిది సెకన్లు. సంకేతం: ఐదు. రావాల్సింది పదకొండు.

వెంటనే కేంద్రం నుంచి గొంతు: “సార్, మిమ్మల్ని ఎవరు ఆపారు?”

అతనికి హాయిగా అనిపించింది. ఎవరో ఆపారు. తాను కాదు. ఆ హాయి ఎంత తియ్యగా ఉందంటే, అది ఇంకొంచెం సేపు ఉంటే బాగుండుననుకున్నాడు. పదిహేడుమందిని పంపేసిన వాళ్లకూ ఇంత హాయిగానే ఉండి ఉంటుంది.

“ఎవరూ ఆపలేదు,” అన్నాడు.

గోడ గడియారంలో రెండూ ముప్పావు. ఐదుకు ఎదురుగా, ‘కారణం తెలియనప్పుడు కూడా ఇదే వస్తుంది’ అని టైపు చేసి, కింద తన పేరు పెట్టి, విచారణ గదికి పంపించాడు.