నాలుగొందల పదమూడో వరస

ఆసుపత్రి నేలమాళిగలో ఫినాయిల్ వాసన, రెండు కంప్యూటర్ల హోరు, వాటి ముందు ఒకే ఒక్క కుర్చీ. ఆ కుర్చీలో కూర్చునే మనిషిని అందరూ రికార్డులక్క అంటారు. రోజూ మధ్యాహ్నం వార్డుల నుంచి వచ్చే రోగుల జాబితాను పాత మెషీన్‌లోకీ, వేరే రకం కొత్త మెషీన్‌లోకీ ఎక్కించి, రెండు డేటాబేస్ ఫైళ్లనూ పోల్చడం ఆమె పని. మూడేళ్లలో ఒక్కసారి కూడా అవి అచ్చు గుద్దినట్టు ఒకేలా రాలేదు. మొదట్లో ఆమె బెంబేలెత్తిపోతే, పని నేర్పిన పెద్దాయన నవ్వేశాడు. సమాచారం ఒకటే అయినా ఏ మెషీనుకా మెషీను దాన్ని తన పద్ధతిలో సర్దుకుంటుందట. ఫైలు వేరైనా, లోపల రోగికొకటి చొప్పున ఉండే వరసలు సరిపోతే చాలట. ఇంకో మాటా చెప్పాడు. తుడిచేసిన వరస చోటు ఊరికే ఉండదు, తర్వాత వచ్చేది అక్కడే కూర్చుంటుంది.

ఆ రోజు వరసలే సరిపోలేదు. జాబితాలో నాలుగొందల పన్నెండు మంది. పాతదాంట్లో అంతే. కొత్తదాంట్లో ఒకటి ఎక్కువ.

తెరిచి చూసింది. ఏడో మంచం. మరణం, సాయంత్రం నాలుగూ పది.

ఏడో మంచం మీదున్నది ఆమె సొంత చెల్లెలు. కడుపుకి ఆపరేషనై రెండు రోజులైంది, రేపు ఇంటికి పంపిస్తామన్నారు. గోడ గడియారంలో మూడూ నలభై.

ఎవరో పనీపాటా లేనివాళ్లు ఆటలాడుతున్నారని తిట్టుకుంది. ఫైలు మొత్తం చెరిపి, జాబితా మళ్లీ ఎక్కించింది. మళ్లీ అదే వరస. జాబితా కాగితాన్ని వేలు పెట్టి చదివింది. అందులో ఆ ముక్కే లేదు. పై వార్డుకి ఫోన్ చేసింది.

"మా చెల్లికి ఎలా ఉంది?"

"ఇప్పుడే కాస్త ఆయాసం మొదలైందమ్మా. డాక్టరు గారు చూస్తున్నారు," అంది నర్సు, గొంతు తగ్గించి.

నాలుగూ నాలుగు... నాలుగూ ఆరు... పైకి పరిగెత్తాలో, ఇక్కడే ఉండాలో తెలియలేదు. ఫైలు మళ్లీ ఎక్కించడం వేరు, ఒక్క రోగి రికార్డు మీద చెయ్యి వేస్తే ఉద్యోగం ఊడుతుంది. ఊడితే ఊడనీ అనుకుంది. ఆ వరస తుడిచేసింది.

నాలుగూ పది దాటింది. ఫోన్ మోగింది.

"అక్కా... ఆకలేస్తోందే. ఏమైనా పట్టుకురా."

చెల్లెలి గొంతు. పోయిన ప్రాణం లేచొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది, వస్తున్నానని చెప్పి లేచింది. వెళ్తూ వెళ్తూ, అలవాటు కొద్దీ, ఫైళ్లు మరోసారి పోల్చింది.

కొత్తదాంట్లో నాలుగొందల పదమూడు. పాతదాంట్లోనూ...

ఖాళీ అయిన చోట ఇంకో వరస. మంచం నంబరు లేదు. మరణం, నేలమాళిగ. నాలుగూ పాతిక.

గడియారంలో నాలుగూ ఇరవై నాలుగు. నేలమాళిగలో ఆమె తప్ప ఎవరూ లేరు.

తుడవబోయింది. వేళ్లు ఆడలేదు... మెషీన్ల హోరు ఆగిపోయింది. రెండు తెరల మీదా, మూడేళ్లలో మొదటిసారి, ఒకే మాట.

తేడా లేదు.

ఆమె ఇంకా నిలబడే ఉంది. వెనకాల ఆ ఒక్క కుర్చీ కిర్రుమంది... ఎవరో కూర్చున్నట్టు.